కడుపు మీద దద్దుర్లకు ఓట్స్ నీళ్లు: నాలుగు వారాలు వాడాక నా రివ్యూ

కడుపుతో ఉన్నప్పుడు, 33వ వారంలో నాకు ఈ దురద మొదలైంది. బొడ్డు కింద చర్మం సాగి చారలు పడిన చోట ఎర్రగా చిన్న చిన్న పొక్కులు. చెమటకాయలు అనుకున్నాను, ఎందుకంటే అది మే నెల, హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండ, పైగా మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయి అన్నిటికీ ట్యాంకర్ నీళ్లే. నాలుగు రోజులకల్లా పొక్కులన్నీ కలిసిపోయి దద్దుర్లయ్యాయి, తొడల మీదికీ పాకాయి. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుని కడుపు మీద తడిగుడ్డ వేసుకుని ఏడ్చిన రోజులున్నాయి.

ఇంట్లో తలా ఒక మాట. బిడ్డకు జుట్టు ఒత్తుగా వస్తుంటే కడుపు దురద పెడుతుందని అత్తయ్య అన్నారు. కింద ఫ్లోర్ ఆంటీ చూసి, అమ్మవారు పోసిందేమో అని భయపెట్టింది. అమ్మ మల్కాజ్‌గిరి నుంచి వేపమండలు పట్టుకొచ్చి, ఆకులు మరిగించి చల్లార్చిన నీళ్లతో స్నానం చేయించింది. పోసుకున్నంతసేపూ హాయిగానే ఉండేది కానీ, గంట తిరగకముందే చర్మం పొడిబారి గట్టిగా బిగుసుకుపోయేది, దురద ఇంకా పెరిగేది. మూడు రోజులు చూసి మానేశాను. వేపాకు రసం, వేపనూనె మాత్రం కడుపుతో ఉన్నప్పుడు లోపలికి తీసుకోకండి, ఎవరు చెప్పినా సరే.

ఇంకో తప్పు కూడా చేశాను. మా ఏరియాలో మూలికల పొడులు అమ్మే ఒక షాపులో "గర్భిణులకు ప్రత్యేకం" అని ఒక డబ్బా ఇచ్చారు. అందులో ఏం కలిపారో డబ్బా మీద ఎక్కడా రాసి లేదు. రాసుకున్న ఐదు నిమిషాలకు కర్పూరం వాసనతో భగ్గుమని మంట, ఆ రాత్రి మొత్తం నిద్ర లేదు. ఏముందో రాయని డబ్బాను ఆ స్థితిలో ఒంటికి ఎలా రాసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. నిజానికి మొదటి రోజే వెళ్లాల్సింది. ఆవిడ చూడగానే ముందు అడిగింది కడుపు గురించి కాదు, "అరచేతులు, అరికాళ్లు దురద పెడుతున్నాయా? మూత్రం ముదురు రంగులో వస్తోందా?" అని. ఎందుకంటే దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెట్టి, అది రాత్రిపూట ఎక్కువైతే, కాలేయం నుంచి పిత్తం సరిగ్గా పారక రక్తంలో పేరుకుంటోందేమో చూడాలట. అది ముదిరితే కడుపులో బిడ్డకే ప్రమాదం. నాకు దద్దుర్లు కనిపిస్తున్నా సరే, అనుమానం ఉండకూడదని లివర్ ఫంక్షన్, బైల్ యాసిడ్స్ రక్తపరీక్షలు రాశారు. రిపోర్ట్ వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ చెప్పలేను. రెండూ నార్మల్. నాది పీయూపీపీపీ అన్నారు, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఒక రకం దురద దద్దుర్లు. ఎక్కువగా మొదటి కాన్పులో, చివరి నెలల్లో వస్తుంది, కవలలుంటే ఇంకా ఎక్కువ. సాగిన చారల మీద మొదలవుతుంది, బొడ్డును మాత్రం వదిలేస్తుంది. బిడ్డకు ఏమీ కాదు, కాన్పయ్యాక కొన్ని వారాల్లో పోతుంది. బొడ్డు మీదికే వచ్చి నీటి బుడగలు లేస్తే అది వేరే జబ్బు కావచ్చు, వెంటనే రమ్మన్నారు. రాసుకోవడానికి కాలమైన్ లోషన్, తట్టుకోలేని రాత్రికి ఒక మాత్ర రాశారు. ఓట్స్ నీళ్ల గురించి నేనే అడిగితే నిరభ్యంతరంగా చేసుకోమన్నారు.

ఇక అసలు విషయం. ఓట్స్ అంటే ఏమీ కలపని మామూలు తెల్ల ఓట్స్, మసాలావో తేనె కలిపినవో కాదు. కిలో ప్యాకెట్ నాకు 200 రూపాయల లోపే వచ్చింది. మిక్సీలో పిండిలా మెత్తగా పట్టాలి. సరిగ్గా నలిగిందో లేదో తెలియాలంటే ఒక చెంచా పొడి గ్లాసు నీళ్లలో వేసి కలపండి, నీళ్లు పాలలా అయితే సరే, అడుగున పేరుకుంటే ఇంకోసారి తిప్పాలి. మొదట బద్ధకించి బరకగా పట్టాను, అది ఒంటికి గుచ్చుకుంది, బాత్రూం జాలీ కూడా మూసుకుపోయింది. తర్వాత అమ్మ ఉపాయం చెప్పింది, మెత్తటి పాత కాటన్ చీర ముక్కలో రెండు గుప్పెళ్ల పొడి మూటగట్టి, అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పిండడం. నీళ్లు చిక్కగా, జిగురుగా అవుతాయి. మన ఇళ్లలో టబ్బులుండవు కాబట్టి స్టూల్ మీద కూర్చుని, ఆ మూటనే కడుపు మీద మెల్లగా అద్దుకుంటూ మగ్గుతో పోసుకునేదాన్ని, పదిహేను నిమిషాలు. వేడినీళ్లు వద్దే వద్దు, పోసుకుంటున్నప్పుడు స్వర్గంలా ఉంటుంది, తర్వాత దురద రెట్టింపవుతుంది. సబ్బు ఆ చోట పూర్తిగా మానేశాను. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె రాసేదాన్ని. ఆ నూనె రాయని రోజు తేడా స్పష్టంగా తెలిసింది. మా ట్యాంకర్ నీళ్లు బాగా ఉప్పు నీళ్లు, ఒట్టి నీళ్లకే చర్మం పొడిబారుతుంది.

పని చేసిందా అంటే, నాకు చేసింది. మొదటి రోజే పోసుకున్న కాసేపటికి మంట దిగింది. దురద పూర్తిగా పోలేదు, కానీ రెండు మూడు గంటలు గోక్కోకుండా ఉండగలిగాను. రాత్రి తొమ్మిదికి చేసుకుంటే పన్నెండు దాకా ఒక నిద్ర, లేచాక ఫ్రిజ్‌లో పెట్టిన కాలమైన్ రాసుకుంటే ఇంకో నిద్ర. దద్దుర్లు మాత్రం ఓట్స్ వల్ల ఒక్కటీ తగ్గలేదు, రెండో వారంలో చేతుల మీదికి కూడా వచ్చాయి. ఇది మందు కాదు, ఊరట అంతే. అయినా ఓట్స్‌లో మంటను తగ్గించే ఎవెనాంత్రమైడ్లు అనే పదార్థాలున్నాయి, ఆ జిగురు చర్మం మీద పల్చటి పొరలా నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2003లో మెత్తటి ఓట్స్ పొడిని చర్మానికి రక్షణ ఇచ్చేదిగా గుర్తించింది. స్నానానికని విడిగా అమ్మే విదేశీ ఓట్స్ పొట్లాలు కూడా ఒకసారి తెప్పించి చూశాను. పొడి మెత్తగా ఉంది, మూట కట్టే పని లేదు, కానీ రోజుకు రెండుసార్లు వాడితే ఆ ఖర్చు మోయలేం. ఫలితంలో నాకు తేడా కనిపించలేదు.

5కి 4 ఇస్తాను. రోజూ రెండు పూటలా ఈ పని పెట్టుకోవడం ఎనిమిదో నెల కడుపుతో తేలిక కాదు, అందుకే ఒకటి తగ్గించాను. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి, ఓట్స్ పడనివాళ్లూ ఉంటారు. అన్నిటికంటే జాగ్రత్త బాత్రూం నేల. ఆ జిగురుకు నేల విపరీతంగా జారుతుంది, నేను ఒకసారి కుళాయి పట్టుకుని ఆగాను కాబట్టి సరిపోయింది. రబ్బరు మ్యాట్ వేసుకోండి, లేచేటప్పుడు ఎవరినైనా పిలవండి, అమ్మ అయితే తలుపు బయటే కూర్చునేది.

38వ వారంలో పాప పుట్టింది. వారం తర్వాత దురద సగానికి తగ్గింది, మూడో వారానికి దద్దుర్లన్నీ పోయాయి. తొడల మీద గోధుమరంగు మచ్చలు రెండు ఇంకా ఉన్నాయి.