జిల్లా ఆసుపత్రి కంగారూ గది: ఇరవై రోజులు అక్కడ ఉన్న ఒక నాన్న అనుభవం

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండకుండా బిడ్డ పుడితే, లేదా పుట్టేలా ఉంటే, ఆ ఆసుపత్రిలో కంగారూ గది, అంటే కంగారూ తన పిల్లని పెట్టుకున్నట్టు బిడ్డని ఛాతీకి ఆనించి పెట్టుకునే గది, ఉందా అని మొదటి రోజే అడగండి. వాళ్లే చెప్తారులే అని ఆగకండి. మేం ఆగాం, నాలుగు రోజులు పోయాయి.

మా పాప 33 వారాలకే పుట్టింది, బరువు 1,480 గ్రాములు. మా ఆవిడకి బీపీ పెరిగిపోయి ఉన్నట్టుండి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అది ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్. పాపని బాక్సులో (ఇంక్యుబేటర్‌లో) పెట్టి రోజుకి రెండుసార్లు అద్దం అవతల నుంచి చూపించేవాళ్లు. చేతులు కడుక్కుని ఒకసారి ముట్టుకుంటానంటే ఇన్ఫెక్షన్ వస్తుందన్నారు. బాక్సే వద్దని నేను అనను, ఊపిరి అందని బిడ్డకి అది కావాల్సిందే, కానీ మా పాపకి రెండో రోజే ఆక్సిజన్ తీసేశారు, ఇక ఉన్నది చేతికి సెలైన్ ఒక్కటే, అయినా బిడ్డని ఒంటికి ఆనించి పెట్టుకోవచ్చనే మాట ఒక్కళ్ల నోటి నుంచీ రాలేదు. నాలుగో రోజుకి చేతిలో డబ్బులు అయిపోయి పాపని జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి మార్చాం. బీపీ తగ్గలేదని మా ఆవిడ ఇంకో రెండు రోజులు నర్సింగ్ హోమ్‌లోనే ఉండిపోయింది.

ప్రభుత్వ ఆసుపత్రి నవజాత శిశువుల యూనిట్‌లో పాపని చూసుకున్నాక సిస్టర్ అడిగిన మొదటి మాట, "తల్లి ఏది?" రాలేని స్థితిలో ఉందని చెప్పాను. "అయితే నువ్వు రా బాబూ, స్నానం చేసి రా, ఉంగరం, వాచీ తీసేయ్, గోళ్లు తీసుకో."

ఒక వాలు కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పించి, టోపీ, సాక్సులు, చిన్న లంగోటీ తప్ప ఇంకేమీ లేని పాపని నా ఛాతీ మీద నిలువుగా పెట్టింది. తల ఒక పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకి. గడ్డం గుండెలకి ఆనిపోతే గాలి ఆడదు, ముక్కు ఎప్పుడూ నీకు కనపడుతుండాలి అని మూడుసార్లు చెప్పింది. కాళ్లు కప్ప కాళ్లలా మడిచి, పైన గుడ్డ చుట్టి, దాని అంచు చెవి కిందికి వచ్చేలా కట్టింది. తర్వాత మొత్తం విప్పేసి, ఇప్పుడు నువ్వు కట్టు అంది. గట్టిగా ఊపిరి తీసుకుంటే పాప ఎక్కడ జారిపోతుందో అని మొదటి పావుగంట నేను సరిగా ఊపిరే పీల్చలేదు. సిస్టర్ మధ్య మధ్యలో వచ్చి పాప పొట్టా పాదాలూ ముట్టుకుని చూసేది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉన్నాయంటే బిడ్డకి చలి మొదలైనట్టే. పెట్టేముందు పాప టెంపరేచర్ 36.2 డిగ్రీలు, గంట తర్వాత 36.8. ఆ అంకె చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఎందుకంటే పాప పుట్టాక నా వల్ల ఆమెకి జరిగిన మొదటి మేలు అది.

ఇంత తక్కువ బరువు బిడ్డల ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు, వేడి నిలవదు, తాగిన పాలన్నీ ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే ఖర్చైపోతాయి. అమ్మ ఛాతీ మీద ఆ పని అమ్మ ఒళ్లు చేస్తుంది, పాలు బరువుగా మారతాయి. 1978లో కొలంబియాలోని బొగొతాలో ఎడ్గర్ రే అనే డాక్టరు దీన్ని మొదలుపెట్టింది ఇంక్యుబేటర్లు సరిపోక, ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పెట్టాల్సి వచ్చి, ఇన్ఫెక్షన్లు పెరిగిపోయినందుకు. అందుకని ఇది యంత్రాలు లేని చోట చేసే పని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది తప్పు. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో కలిపి ఐదు దేశాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది, ఫలితాలు 2021లో వచ్చాయి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్లో, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టిన వాళ్లలో 28 రోజుల లోపు చనిపోయింది 12 శాతం, కాస్త కుదుటపడ్డాక మొదలుపెట్టిన వాళ్లలో 15.7 శాతం. రెండు గుంపులకీ కంగారూ ఇచ్చారు, ఎప్పుడు మొదలుపెట్టారన్న దగ్గరే తేడా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకి 8 నుంచి 24 గంటలు ఇవ్వమంది. ఇదంతా చదివాక మా నాలుగు రోజులు గుర్తొచ్చి కడుపు మండింది.

మా అత్తగారు మొదట దగ్గరికే రాలేదు. ఎనిమిదో నెల బిడ్డ నిలవదని ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్న మాట, పైగా బిడ్డని అలా ఒంటి మీద గుడ్డ లేకుండా పట్టుకోవడమేంటని భయం. రెండో రోజు సిస్టర్ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాక పెట్టుకున్నారు, ఇక మూడు గంటలు లేవలేదు. మా ఆవిడ వచ్చాక ఎక్కువసేపు తనే, తను నిద్రపోయేటప్పుడు అత్తగారు, సాయంత్రం నేను. మొదట ట్యూబు ద్వారా పాలు, తర్వాత పిండిన తల్లిపాలు రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నెతో. మొదటి రోజుల్లో బరువు 1,360కి పడిపోతే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఇది మామూలే, పది పద్నాలుగు రోజుల్లో తిరిగి వస్తుందన్నారు. పదమూడో రోజుకి 1,480 వచ్చింది, ఇరవై నాలుగో రోజున 1,740తో ఇంటికి పంపారు. అప్పటికి మా అత్తగారే కొత్తగా వచ్చిన అమ్మమ్మలకి గుడ్డ ఎలా కట్టాలో చూపిస్తున్నారు.

బాగాలేనివి కూడా చెప్పాలి. వాలు కుర్చీలు మూడే, అందులో ఒకటి విరిగింది. ఆరుగురు తల్లులు వంతులేసుకోవాలి, మంచం మీద దిండ్లు పెట్టుకుని వాలితే నడుం పట్టేస్తుంది, కుట్లు ఉన్న బాలింతకి అది నరకం. బాత్రూమ్ వరండా చివర. మా ఆవిడ వచ్చాక మగవాళ్లకి సాయంత్రం రెండు గంటలే అన్నారు, అదీ తెర కట్టి. పాలిచ్చే తల్లులు ఉన్న గది కాబట్టి నాకు అర్థమైంది, కానీ ఒక మూల రెండు కుర్చీలు, ఒక తెర నాన్నల కోసం ఉంచేస్తే చాలు కదా. కుటుంబ సభ్యులకి నేర్పి బిడ్డ సంరక్షణలో చేర్చుకోవాలని 2017లో కేంద్ర ఆరోగ్య శాఖే మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆన్‌లైన్‌లో వెయ్యి పైన పెట్టి ఒక కంగారూ బ్యాగు కూడా కొన్నాను. కొనకండి. సాగే గుడ్డ, మన ఎండలకి ఇద్దరికీ చెమటలు, పట్టీ బకిల్ సరిగ్గా పాప చెంప దగ్గరికి వస్తుంది. మా ఆవిడ పాత నూలు చీర సగానికి చించి కట్టుకుంటే దానికంటే బాగుంది.

ఇంటికొచ్చాక ఆపేయకండి, చాలామంది అక్కడే ఆపేస్తున్నారు. మేం నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం మానేశాం, చూడ్డానికి వచ్చే చుట్టాల్ని గుమ్మం దగ్గరే ఆపాం, కొందరికి కోపం వచ్చింది, రానీ. ఆశా అక్క వచ్చినప్పుడల్లా బరువు చూసేది. రెండో నెల దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం పాప నా ఛాతీ మీద కాళ్లు తన్నుతూ, గుడ్డలోంచి చేతులు బయటికి లాక్కుంటూ గోల పెట్టింది. ఉక్కపోత అనుకున్నా. మర్నాడు తూస్తే 2,510. బిడ్డ ఇక ఉండనని గింజుకుంటే చాలించమని సిస్టర్ ముందే చెప్పింది.

ఈ కంగారూ గదికి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను, ఆ ఒకటి నాన్నలకి ఇచ్చిన టైమ్ కోసం తగ్గించాను. మీరు వెళ్లేటప్పుడు ముందు గుండీలున్న వదులు చొక్కాలు, నైటీలు నాలుగైదు, ఒక పాత నూలు చీర, నడుం వెనక పెట్టుకోవడానికి రెండు దిండ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడ దొరకవు.