రెండున్నరేళ్ళ ట్యూబ్‌లెస్: పల్లేరు కాయలు, చిల్ల ముళ్ళు, ఒక రోహిణి కార్తె

పల్లేరు కాయ టైరులో దిగితే వచ్చే చప్పుడు నాకు బాగా తెలుసు. చక్రం తిరిగినప్పుడల్లా టక్, టక్ అని రోడ్డుకు తగులుతుంది. ట్యూబులున్న రోజుల్లో ఆ చప్పుడు వింటే ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు నా టైర్లలో ట్యూబుల్లేవు, చిల్లులు మూసే సీలెంట్ అనే తెల్లటి ద్రవం ఉంటుంది. సైకిల్ దిగి, కాయను గోటితో పీకి, చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పుతాను. సుయ్‌మని ఒక్క క్షణం గాలి పోతుంది, దాని వెంటే ఒక తెల్లటి చుక్క బయటికొస్తుంది, అంతే. మళ్ళీ ఎక్కి పోవడమే. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు. గేర్లు, బ్రేకులు, ఫ్రేము గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి నేను ఆ తెల్ల చుక్క గురించి మాత్రమే రాస్తున్నాను.

నాది రొయ్యల గుంటల దగ్గర నీటి పరీక్షలు చేసే పని. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట, మైపాడు వైపు వారంలో నాలుగు రోజులు సైకిల్ మీదే పోతాను. దారి కొంత తారు, కొంత గుంటల గట్లు. ఆదివారాలు జొన్నవాడ మీదుగా సంగం దాకా పోతాను, ఓపికుంటే పెన్న దాటి పొదలకూరు వైపు కాలువ కట్టలు పట్టుకుంటాను. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీ తెరిచాక అవతలి ఒడ్డు మాలాంటి వాళ్ళకు బాగా దగ్గరైంది.

ఈ దారుల్లో రాళ్ళను తట్టుకోవచ్చు. ముళ్ళతోనే కష్టం. గట్ల మీద పల్లేరు పాకి ఉంటుంది. కాలువ కట్టల మీద చిల్లకంప. బొగ్గుల కోసం చిల్ల చెట్లు కొట్టి కొమ్మలు ఈడ్చుకుపోయిన చోట దారి పొడుగునా ముళ్ళు రాలి ఉంటాయి, మట్టిలో కలిసిపోయి కనపడవు కూడా. ట్యూబులతో తిరిగిన మొదటి ఏడాది వేసిన ప్యాచీలను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. 41 అయ్యాయి. వాటిలో కొన్ని ముళ్ళవి కూడా కావు. గాలి తక్కువుంటే రాయి మీద పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటంటారు దాన్ని. అది పడకుండా గాలి ఎక్కువ కొడితే గట్ల మీద నడుము పట్టేసేది.

40 మిల్లీమీటర్ల టైర్లకు ట్యూబులు తీసేసి సీలెంట్ పోయించాక ఆ రెండు బాధలూ ఒక్కసారే పోయాయి. నా బరువు 72 కిలోలు. గాలి ఒత్తిడి ముందు చక్రంలో 32, వెనక 35 పీఎస్ఐ పెడతాను. నలగడానికి లోపల ట్యూబే లేదు. ఎండి గట్టిపడిన ట్రాక్టరు గాళ్ళ మీద కూడా సైకిల్ మెత్తగా పోతుంది. మొదటి ఆరు నెలల్లో దారిలో ఒక్కసారి కూడా ఆగి ప్యాచీ వేయలేదు. అప్పుడు కనపడిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాను, "ఇక పంక్చర్ల గొడవే ఉండదు, కళ్ళు మూసుకొని మార్చేయండి" అని. నా మాట విని ఇద్దరు స్నేహితులు మార్చారు కూడా.

ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

సీలెంట్ అంటే ఎక్కువ రకాల్లో రబ్బరు పాలే. జిల్లేడు పాలు వేలికంటితే ఆరేకొద్దీ ఎలా బంకగా మారతాయో ఇదీ అంతే. చిల్లులోంచి బయటికొస్తూ గాలి తగలగానే గడ్డకడుతుంది. అందులో కలిపిన సన్నటి రేణువులు చిల్లులో ఇరుక్కొని దాన్ని మూస్తాయి. డబ్బాలో పాలు గడ్డకట్టకుండా చాలావాటిలో అమ్మోనియా కలుపుతారు. మూత తీయగానే ముక్కుకు కొట్టేది అదే. రోజూ గుంటల్లో అమ్మోనియా ఎంతుందో కొలిచేవాడిని కాబట్టి మొదటి రోజే ఆ వాసన పట్టేశాను. కానీ అది ఆవిరైపోతే టైరులోని పాలు ఏమవుతాయో ఆలోచించలేదు.

డబ్బా మీద రెండు నుంచి ఆరు నెలలకొకసారి చూసుకోమని ఉంది. నేను ఆరు అనే అంకె పట్టుకున్నాను. మా ఇంట్లో సైకిల్ పెట్టేది మేడ మీద రేకుల షెడ్డులో. మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడితే తల మాడిపోతుంది. అట్లాంటి చోట మార్చి నుంచి మే దాకా సైకిల్ ఉంది.

పోయిన ఏడాది రోహిణి కార్తె. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాను. పొదలకూరు వైపు కనుపూరు కాలువ కట్ట మీద పోతున్నాను. ఏడు కావస్తోంది. వెనక చక్రంలో సుయ్‌మంది. అలవాటుగా దిగి, చిల్లు కిందికి తిప్పి నిలబడ్డాను. తెల్ల చుక్క రాలేదు. గాలి పోతూనే ఉంది. చూస్తుండగానే టైరు నేలకు అతుక్కుపోయింది.

పంపు తీసి కొట్టాను, నిలవలేదు. సరే, సంచిలో ఒక ట్యూబు ఉంది కదా అనుకున్నాను. ట్యూబు ఎక్కించాలంటే ముందు రిమ్ముకున్న ట్యూబ్‌లెస్ వాల్వు ఊడదీయాలి. దాని నట్టు కదలలేదు. మైపాడు వైపు గట్ల మీద తిరిగినప్పుడు పడిన ఉప్పునీళ్ళకు అల్యూమినియం నట్టు తెల్లగా పొక్కి వాల్వుకు కరుచుకుపోయింది. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ అది రాలేదు. చివరికి దగ్గర్లో మోటారు షెడ్డు దగ్గరున్న ఒక రైతు కటింగ్ ప్లేయరు తెచ్చిచ్చాడు. దాంతో తిప్పితే నట్టు వచ్చింది. టైరు విప్పి చూస్తే లోపల పాలు లేవు. అడుగంతా ఎండిన పొర, ఒక మూల ఉసిరికాయంత రబ్బరు ఉండ.

ట్యూబు ఎక్కించి గాలి కొట్టి బయల్దేరాను. రెండు వందల మీటర్లు పోయానో లేదో మళ్ళీ దిగిపోయింది.

అసలు సంగతి అప్పుడు బుర్రకెక్కింది. ఇన్నాళ్ళూ టైరులో దిగిన ప్రతి ముల్లునూ నేను పీకలేదు. పల్లేరు కాయలైతే పైకి కనపడతాయి, చిల్ల ముళ్ళు మొన విరిగి లోపలే ఉండిపోతాయి. సీలెంట్ ఉన్నంతకాలం ఆ ముల్లు చుట్టూ పాలు గడ్డకట్టి గాలి ఆపుతూ వచ్చాయి, నాకు తెలియనే లేదు. ఇప్పుడు ఆ మొనలన్నింటి మీదా పలచటి ట్యూబు పెట్టి గాలి కొట్టాను.

ఎండలో మూడు కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ రోడ్డెక్కాను. నిమ్మకాయల బస్తాలు ఎక్కిస్తున్న ఒక తోట పక్కన పంక్చరు షాపు కనపడింది. ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్ళకు వేసే షాపు. పెద్దాయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచితే నాలుగు చోట్ల బుడగలు. "ఇన్ని ముళ్ళు పెట్టుకోని ఎట్టా తిరిగినావబ్బయా ఇన్నాళ్ళు?" అన్నాడు. నేను సీలెంట్ గురించి చెబుతుంటే ఆయన వినడం లేదు, టైరును తిరగేసి లోపలి వైపు పైకి తెచ్చాడు. వేలితో తడిమితే గుచ్చుకుంటుందని దూది ఉండ ఒకటి తీసుకొని టైరు లోపల మెల్లగా రుద్దుకుంటూ పోయాడు. ముల్లున్న చోటల్లా దూది పోగు పట్టుకొని నిలిచింది. నిలిచిన చోట పట్టకారుతో లాగి బెంచీ మీద పెట్టాడు. నేను లెక్కపెట్టాను, పంతొమ్మిది. అన్నీ ఏరాక మళ్ళీ ఒకసారి దూది తిప్పి, ఎక్కడా పట్టలేదని చూపించి, అప్పుడు ట్యూబుకు ప్యాచీలు వేశాడు.

గాలి కొట్టే దగ్గర ఇంకో ఇబ్బంది. ఆయన గాలి మిషను గొట్టం మోటారు సైకిల్ వాల్వుకు సరిపోయేది. నా ట్యూబుకున్నది సన్నటి ప్రెస్టా వాల్వు. అదృష్టం కొద్దీ సంచిలో గోరంత ఇత్తడి అడాప్టరు ఉంది, ఎప్పుడో కొని పడేసినది. దాన్ని బిగిస్తే గాలి ఎక్కింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పల్లెల మీద తిరిగేవాళ్ళెవరైనా ఇంకేమీ కొనకపోయినా ఈ అడాప్టరు రెండు కొని ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. ఏ పెట్రోలు బంకులోనైనా, ఏ ఊళ్ళోనైనా గాలి దొరుకుతుంది, అది లేకపోతే ఎంత గాలి ఉన్నా మన టైరులోకి ఎక్కదు.

ఆయన ఎనభై రూపాయలు తీసుకున్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి పదకొండైంది.

తప్పు సీలెంట్‌ది కాదని నాకు తెలుసు. కానీ అది పనిచేస్తున్నప్పుడు ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తుందో, అయిపోయినప్పుడు కూడా అంతే నిశ్శబ్దంగా అయిపోతుంది. పై నుంచి చూస్తే టైరులో పాలున్నాయో లేదో తెలియదు. సైకిల్ ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినాలంటారు గానీ అంత పెద్ద టైరులో నాకెప్పుడూ సరిగ్గా వినపడలేదు. అందుకే ఇప్పుడు కొబ్బరి ఈనె వాడుతున్నాను. వాల్వు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పది నిమిషాలు వదిలేస్తే పాలు అడుక్కు చేరతాయి. గాలి తీసి, వాల్వు కోర్, అంటే వాల్వు లోపల గాలిని ఆపే ముక్క, విప్పి, పైనుంచి ఈనె దించి తీస్తే ఎంత తడిసిందో కనపడుతుంది. గాలి తీసినప్పుడు సైకిల్ మీద బరువు పెట్టకూడదు, టైరు అంచు రిమ్ము వదిలేస్తే మళ్ళీ కూర్చోబెట్టడానికి మామూలు పంపు చాలదు, కంప్రెసర్ వెతుక్కోవాలి.

ఈనె పొడిగా వస్తే పని దగ్గర వాడే సిరంజితో అదే వాల్వులోంచి 60 మిల్లీలీటర్లు పోస్తాను. కొత్త టైరుకైతే 100 దాకా పడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నెలన్నరకోసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి చూస్తున్నాను. పోసిన తేదీ రిమ్ము మీద మార్కరుతో రాస్తున్నాను. సైకిల్‌ను రేకుల షెడ్డు నుంచి కింద మెట్ల దగ్గరికి మార్చాను. అల్యూమినియం వాల్వులు తీసేసి ఇత్తడివి వేయించి, నట్టు కింద వేలితో కొంచెం గ్రీజు రాశాను. ఉప్పు గాలికి ఇదొక్కటే పనిచేసింది. చెయిన్ సంగతి వేరే, గట్ల మీద తిరిగి వచ్చిన రోజే తుడిచి నూనె వేయకపోతే తెల్లారేసరికి తుప్పు రంగు తిరుగుతుంది.

గ్యాస్ నింపిన చిన్న సిలిండర్లతో గాలి కొట్టే పద్ధతి ఒకటుంది, బిగించి వదిలితే క్షణాల్లో టైరు నిండుతుంది. రబ్బరు పాల సీలెంట్ ఉన్న టైరులో దాన్ని వాడొద్దని కొన్ని కంపెనీలే చెబుతున్నాయి, ఆ గ్యాస్‌కు పాలు గడ్డలు కడతాయి. నేను చేతి పంపుతోనే ఉండిపోయాను.

తారు రోడ్డు చక్రాలకు మాత్రం ట్యూబ్‌లెస్ వదిలేశాను. నా దగ్గర 28 మిల్లీమీటర్ల టైర్లున్న ఇంకో జత చక్రాలున్నాయి, 200 కిలోమీటర్ల బ్రెవేలకు (గడువులోపల పూర్తి చేయాల్సిన దూర ప్రయాణాలు), హైవే మీద కావలి దాకా పోయి రావడానికి. పదమూడున్నర గంటల్లో 200 పూర్తి చేయాలి కాబట్టి వాటిలో గాలి 75 దాకా పెడతాను. ఆ ఒత్తిడిలో చిల్లు పడితే పాలు మూసేలోపే చిమ్మేస్తాయి, వీపు మీద తెల్లటి చారలు పడతాయి, మూతపడేసరికి సగం గాలి పోతుంది. పదహారో నంబరు హైవే అంచున ముళ్ళు తక్కువ. లారీ టైర్లు పేలినప్పుడు రాలిన వెంట్రుకంత ఇనప తీగలే ఎక్కువ. వాటికి ట్యూబు, ప్యాచీ, ఒక పట్టకారు చాలు. ఇంకొకరి అనుభవం వేరుగా ఉండొచ్చు, వెడల్పు టైర్లు పట్టే ఫ్రేము ఉన్నవాళ్ళకు తక్కువ గాలితో బాగానే నడుస్తుందని విన్నాను.

ఇప్పుడెవరైనా మార్చాలా వద్దా అని అడిగితే ముందు వాళ్ళ దారి గురించి, సైకిల్ ఎండలో ఉంటుందా నీడలో ఉంటుందా అని అడుగుతున్నాను. నాలాగా వారంలో నాలుగైదు రోజులు గట్లు, కాలువ కట్టలు తిరిగేవాళ్ళకైతే ఈ రెండున్నరేళ్ళ తర్వాత కూడా మార్చమనే చెబుతాను. ఆ ఒక్క రోహిణి కార్తె ఉదయం పక్కన పెడితే దారిలో నన్ను ఆపింది ఇంకొక్కసారే, సైదాపురం వైపు పలుగురాయి ఒకటి టైరు పక్కను చీల్చినప్పుడు. దానికి రబ్బరు ప్లగ్గు పెట్టి ఇల్లు చేరాను. నెలకొకసారి సైకిల్ బయటికి తీసేవాళ్ళకు మాత్రం వద్దనే అంటాను, వాళ్ళ టైరులో పాలు పని పడకుండానే ఎండిపోతాయి. మా అబ్బాయి కాలేజీ సైకిల్‌కు ట్యూబులే ఉంచాను. కోర్ ఊడే వాల్వున్న ట్యూబులు తెప్పించి, వాటిలోనే కొంచెం సీలెంట్ పోశాను, పల్లేరు కాయలకు అది సరిపోతోంది.

నా సంచిలో ఇప్పుడు ట్యూబుతో పాటు ప్లగ్గులు, అడాప్టరు, పట్టకారు, చిన్న కవరులో దూది ఉంటాయి. నిన్న ముందు చక్రంలో ఈనె దించితే అర అంగుళం కూడా తడవలేదు. ఈ ఆదివారం సంగం పోవాలి, ఆ లోపల 60 పోయాలి.