లీకు పట్టే రంగూ, ఊదా లైటూ: మూడున్నరేళ్లు వాడాక

మా సెల్లార్లో తెల్ల టైల్స్ వేయించకపోయుంటే కారులో లీకు ఎక్కడుందో పట్టే ఈ కిట్టు కొనే పని నాకు పడేది కాదు. విశాఖపట్నంలో హనుమంతువాక దగ్గర, కొండవారగా ఉంటుంది మా అపార్ట్‌మెంటు. 2022లో అసోసియేషన్ వాళ్లు ముచ్చటపడి పార్కింగంతా టైల్స్ పరిపించారు. వారం తిరక్కుండానే నా కారు కింద అరచెయ్యంత నల్లమచ్చ తేలింది. వాచ్‌మన్ రోజూ రంపప్పొట్టు చల్లి ఊడ్చేవాడు. సెక్రటరీగారు లిఫ్టులో కనబడినప్పుడల్లా "కారు ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని అడిగేవారు. అది పరామర్శ కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

కారు 2012 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. అప్పటికి లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కొమ్మలు మీద పడినా బతికి బట్టకట్టిన బండి, అందుకని కొంచెం మమకారం. ఆటోనగర్లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రి కిందకి దూరి, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర వేలితో తుడిచి చూపించాడు. "మెయిన్ సీలు పోయింది బాబూ. గేర్‌బాక్స్ దించాల. ఎలాగూ దించుతున్నాం కాబట్టి క్లచ్ కూడా ఏసెయ్యడం మంచిది. మొత్తం ఒక పద్దెనిమిది వేలవుతాది." అతన్ని తప్పుపట్టలేను. మెయిన్ సీలంటే ఇంజను ఇరుసు బయటికొచ్చే చోట ఆయిల్‌ని ఆపే రింగు. ఆయిల్ నిజంగానే అక్కడే కారుతోంది. అక్కడ పుట్టిందా, ఇంకెక్కడి నుంచో వచ్చి అక్కడ రాలుతోందా అన్నదొక్కటే తేలలేదు. పద్దెనిమిది వేలు పెట్టేముందు పద్నాలుగు వందలు పెట్టి చూద్దామని కిట్టు తెప్పించాను. అందులో ఆయిల్లో కలిపే పసుపురంగు ద్రవం ఒక సీసా, కూలెంట్‌లో (ఇంజనుని చల్లబరిచే నీళ్లలో) కలిపేది ఒక సీసా, ఊదా (యూవీ) వెలుతురిచ్చే చిన్న టార్చి, పసుపు కళ్లద్దాలు ఉన్నాయి.

పద్ధతి చెప్పుకోడానికి సులువే. రంగుని ఆయిల్లో పోస్తాం, బండి కాసేపు తిప్పుతాం, చీకట్లో లైటు వేసి చూస్తాం. ఆయిల్ బయటికొచ్చిన చోట పసుపుపచ్చగా వెలుగుతుంది. టార్చి ఊదా వెలుతురు కంటికి కూడా తగులుతుంది కాబట్టి, పసుపు అద్దాలు దాన్ని ఆపేసి మెరుపుని మాత్రం వదులుతాయి. అద్దాలు లేకుండా చూస్తే సగం తెలియదు.

మొదటిసారి నేను చేసిన నిర్వాకం చెప్తాను. గరాటు లేకుండా, సీసా ఎత్తి ట్యాపెట్ కవర్ (ఇంజను నెత్తిన ఉండే కప్పు) మీది మూత తీసి నేరుగా పోశాను. నాలుగు చుక్కలు పక్కన పడ్డాయి. గుడ్డతో తుడిచేశాను, పోయిందనుకున్నాను. రాత్రి లైటు వేస్తే ఇంజను మొత్తం దీపావళే. కవరు, బ్యాటరీ పెట్టె, బానెట్ కడ్డీ, నా మణికట్టు, అన్నీ మెరుస్తున్నాయి. పైగా కట్టుకున్న తెల్ల లుంగీ కూడా నీలంగా వెలుగుతోంది. బట్టల సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థం ఈ లైటుకి అలాగే స్పందిస్తుంది. ఆ రాత్రి లీకు దొరకలేదు సరికదా, తుడవాల్సిన చోట్లు రెట్టింపయ్యాయి.

ఈ కిట్టు నాకు నేర్పిన పాఠమంతా అక్కడే ఉంది. ఇంజను శుభ్రంగా లేకపోతే ఈ లైటు ఎందుకూ కొరగాదు. పదేళ్ల జిడ్డు మీద కొత్త చుక్క ఏదో, పాత మట్టి ఏదో ఎవరికి తెలుస్తుంది? మరుసటి ఆదివారం కింద ఉన్న ప్లాస్టిక్ షీల్డు విప్పేశాను. ఈ షీల్డొకటి పెద్ద మోసగత్తె. పైన ఎక్కడ కారినా ఆయిల్ దీని మీద మడుగు కట్టి, బోల్టు కన్నం ఎక్కడుంటే అక్కడ చుక్కగా దిగుతుంది. డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) కొట్టి, బ్రష్షుతో రుద్ది, ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ సంచి చుట్టి, తక్కువ నీళ్లతో కడిగాను. పూర్తిగా ఆరాక భీమిలి దాకా వెళ్లొచ్చాను, రానూపోనూ ఓ గంట. తిరిగొచ్చి సెల్లార్లో లైట్లు ఆపించి చూశాను.

ఆయిల్ కిందకి పోతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కూడా పోతుంది. కాబట్టి మెరుస్తున్న అన్ని చోట్లలోకీ అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందువైపు తడిగా ఉన్నదాన్ని వెతకాలి. కింద అతుకు దగ్గర మొదలుపెట్టి లైటుని మెల్లగా పైకి జరుపుకుంటూ వెళ్తే, ఇంజను వెనకవైపు సన్నని పచ్చదారం ఒకటి ఎక్కుతూ ఎక్కుతూ ట్యాపెట్ కవర్ దగ్గరికి, గేర్‌బాక్స్ వైపు మూలకి చేరింది. ఆ మూలలో ప్యాకింగ్ ఎండి గట్టిపడిపోయింది. అక్కడినుంచి పైన రాగి పైసంత కూడా తడి లేదు. ప్యాకింగ్, కూలీ కలిపి పదకొండు వందలు. గేర్‌బాక్స్ దించలేదు. ఫోన్లో ఫోటో చూపిస్తే మేస్త్రి కాసేపు చూసి, "ఏటి బాబూ, మా షెడ్డుకి కూడా ఒకటి తెచ్చీ" అన్నాడు. తెచ్చిచ్చాను కూడా.

డీజిల్ బండ్లవాళ్లకి ఒక మాట. మన ఆయిల్ వేసిన వారానికే మసితో నల్లబడుతుంది, ఆ నలుపు మెరుపుని మింగేస్తుంది. సీసా మీద రాసిన కొలత నాకు చాలలేదు, ఇంకాస్త కలపాల్సొచ్చింది. ఆయిల్ మార్చిన వెంటనే వేసుకుంటే మంచిది. రంగు సరిపోయిందో లేదో డిప్‌స్టిక్ తీసి లైటు కింద పెడితే తెలిసిపోతుంది, దాని మీద పలచటి పొర వెలగాలి. పోసేముందు రంగుని ఒక చిన్న కప్పులో కొత్త ఆయిల్‌తో కలిపి గరాటుతో పొయ్యండి, చేతికి గ్లౌజులు వేసుకోండి. నా దీపావళి మీకెందుకు.

రెండో కేసు కూలెంట్‌ది. నా లెక్కలో ఈ కిట్టు మరోసారి డబ్బులు రాబట్టింది ఇక్కడే. 2023 డిసెంబరులో అరకు వెళ్లొచ్చాం. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో కూలెంట్ కింది గీతకన్నా దిగువన ఉంది. టైల్స్ మీద ఒక్క చుక్క లేదు. మామూలుగా కూలెంట్ కారితే జిగటగా, తియ్యటి వాసనతో పట్టుబడిపోతుంది. ఆ తీపికే కుక్కలు, పిల్లులు నాకుతాయి, అది వాటికి విషం. అందుకని నేలమీద పడితే వెంటనే కడిగెయ్యండి. మాకు అసలు పడనేలేదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు, లోపల ఒత్తిడి పెరిగినప్పుడే కొద్దికొద్దిగా వచ్చి, వేడి లోహం మీదే ఆవిరైపోతోంది.

నా కూలెంట్ గులాబీరంగుది, మామూలుగా లైటు వేస్తే మెరవలేదు కాబట్టి రెండో సీసా పోశాను. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి, వేడిమీద తీస్తే మొహం కాలుతుంది. ఆకుపచ్చ కూలెంట్లలో చాలావాటికి మెరుపు ముందే ఉంటుంది, మీది అదైతే రంగు ఖర్చు మిగులుతుంది. నాలుగు రోజులు ఆఫీసుకి తిప్పాక చూస్తే, బెల్టు పక్కన వాటర్ బాడీ (కూలెంట్‌ని తిప్పే పంపు) కింద ఎండిపోయిన పసుపుపచ్చ చార ఉంది. ఆ బాడీకి అడుగున చిన్న కన్నం ఒకటి కావాలనే పెడతారు. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికొచ్చి సంగతి చెప్పడానికి. అది చెప్తూనే ఉంది, మనకి వినపడలేదంతే. బాడీ మార్పించాను, కూలెంటుతో కలిపి మూడువేల ఎనిమిది వందలు. మళ్లీ సంక్రాంతికి అరకు వెళ్లాం, డబ్బాలో గీత కదలలేదు.

ఇందులో కిట్టుకి అందనిది కూడా ఉంది. కూలెంట్ ఇంజను లోపలే సిలిండర్లోకి పోతుంటే బయట లైటు వేసి ఏం లాభం? అలాంటి అనుమానానికి ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి. రేడియేటర్ మూత తీసి ఆ చోట చేతిపంపు బిగించి, మూత మీద రాసున్న ఒత్తిడి దాకా కొట్టి వదిలేస్తారు. ముల్లు దిగుతుంటే ఎక్కడో పోతోందన్నమాట. చాలాసార్లు చల్లని ఇంజను మీదే తేలిపోతుంది, ఘాట్ ఎక్కక్కర్లేదు.

ఇక కిట్టు అక్కర్లేని లీకుల గురించి. ఇంట్లో కిట్టుందని తెలిశాక మా అపార్ట్‌మెంటు మొత్తానికి నేను లీకు డాక్టర్నయ్యాను. మే నెల వస్తే చాలు, మూడో అంతస్తు పిన్నిగారు ఫోను: "నాయనా, మా కారు కింద మడుగు కట్టింది, ఓసారి చూడవూ?" వైజాగ్ ఉక్కలో ఏసీ వేసుకుని ఊరంతా తిరిగొస్తే ఎడమపక్క ముందు సీటు కింద నుంచి నీళ్లు కారకపోతేనే కంగారుపడాలి. వేలితో ముట్టుకుంటే వాసన లేదు, జిడ్డు లేదు, ఉత్త నీళ్లు. అవి బయట పడకుండా లోపల మ్యాట్ తడుస్తుంటే పైపు పూడుకుందని. మ్యాట్ తడి జిగటగా ఉండి, తియ్యటి వాసనొచ్చి, అద్దం లోపల మసకేస్తుంటే అది హీటర్‌లోంచి వచ్చే కూలెంట్, వేరే కథ.

బ్రేక్ ఆయిల్ విషయంలో మాత్రం ఆడుకోకూడదు. కిందటేడు వెనక ఎడమ చక్రం లోపలివైపు తడి కనిపించింది, పలచగా, కొంచెం పసుపుగా. బ్రేక్ డబ్బాలో మట్టం కూడా తగ్గింది. అందులో రంగు కలపకూడదు, లైటు వెతుకులాట అక్కర్లేదు. బండి అంగుళం కదపకుండా మేస్త్రినే ఇంటికి పిలిపించాను. వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నొక్కే భాగం) పోయింది, రెండు పక్కలా వేయించాను.

కిట్టు మీద ఫిర్యాదులు లేకపోలేదు. మరమ్మతు చేయించాక పాత రంగుని పూర్తిగా కడక్కపోతే సందుల్లో ఉండిపోయి మళ్లీ మెరుస్తుంది. ప్యాకింగ్ మార్చిన నెలకి "మళ్లీ కారుతోంది" అని షెడ్డుకి పరిగెత్తి, అది పాతదేనని తేలాక టీ తాగి తిరిగొచ్చాను. అద్దాల కాడ ఆరునెలలకే విరిగింది, రబ్బరుబ్యాండుతో నెట్టుకొస్తున్నాను. టార్చి స్విచ్చు సముద్రపు గాలికి తుప్పుపట్టి రెండో ఏడు మొరాయించింది, మరోటి ఆరువందలకి కొన్నాను. అన్నిటికన్నా తమాషా ఏంటంటే, మూత సరిగ్గా బిగించక డిక్కీలో రంగు సీసాయే లీకైంది. ఎక్కడ కారిందో కనుక్కోడానికి ఆ లైటే వాడాను.

ఒక ఉపయోగం మాత్రం పెట్టె మీద రాయలేదు. తేళ్లు ఈ లైటులో ఆకుపచ్చగా వెలుగుతాయి. కొండవార ఇల్లు కదా, వానాకాలంలో ఒక రాత్రి కారు కింద దూరబోతూ అలవాటుగా టార్చి వేస్తే, గోడవారనున్న స్టెప్నీ పక్కన ఒకటి బొమ్మలా కూచునుంది. అప్పట్నుంచి లైటు వెయ్యకుండా నేలమీద చెయ్యి పెట్టట్లేదు.

వారంటీలో ఉన్న కొత్త బండికి ఇది దండగ, కంపెనీవాళ్లనే వెతకనివ్వండి. ఏడెనిమిదేళ్లు దాటిన బండి ఉండి, ఎవరైనా పెద్ద పని చెప్పారంటే కొనుక్కోండి. అదికూడా అట్టముక్క పరీక్ష చేశాకే. రాత్రి ఇంజను కింద తెల్ల అట్ట పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీసుకుని, తెల్లారి చుక్కల రంగూ వాసనా చూస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఇప్పుడు నాకున్నది అలాంటిదే. ఎడమ చక్రం వైపు గేర్‌బాక్స్ దగ్గర కొత్త చుక్కలు మొదలయ్యాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం కొట్టింది, గేర్ ఆయిలే. పోయింది యాక్సిల్ సీలు, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ గేర్‌బాక్స్‌లోకి దూరే చోటి రింగు. రంగు సీసా మూత తియ్యలేదు. "రాత్రికి రెండు చుక్కలైతే వర్షాలు తగ్గాక చూద్దాం, అయిదైతే ఎంటనే వచ్చీ" అన్నాడు మేస్త్రి. అట్టల మీద తేదీలు వేసి డిక్కీలో దాస్తున్నాను. నిన్నటి అట్ట మీద మూడున్నాయి.