మూడో తీగ పేచీ: నైలాన్, కార్బన్ తీగలతో ఆరేళ్లు

క్లాసికల్ గిటార్ వాయించేవాళ్లలో చాలామందికి మూడో తీగతో ఏదో ఒక పేచీ ఉంటుంది. నాకూ ఉంది. మొదటి రెండూ గలగలా పలుకుతుంటే మూడోది, అంటే జి తీగ, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుండేది. దాని కోసం ఆరేళ్లుగా నైలాన్, కార్బన్ మార్చి మార్చి వేస్తున్నాను. గిటార్ మాత్రం ఒకటే, 650 మిల్లీమీటర్ల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్నది. ఎప్పుడు ఏ తీగలు వేశానో కేసు మూత లోపల అంటించిన కాగితం మీద రాసుకుంటాను.

ముందు పేరు సంగతి. కార్బన్ తీగ అంటే కార్బన్ ఫైబర్ కాదు. ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్. చేపల గాలానికి కట్టే దారంలోనూ ఈ రకం ఉంటుంది. ఘన సెంటీమీటరు నైలాన్ సుమారు 1.1 గ్రాములు తూగితే ఇది 1.78 గ్రాముల దాకా తూగుతుంది. కథంతా ఈ బరువులోనే ఉంది. పొడవు, టెన్షన్ (బిగువు), శ్రుతి మూడూ మారకూడదంటే తీగ మొత్తం బరువూ మారకూడదు. పదార్థం తేలికైతే తీగ లావెక్కాల్సిందే. నా నైలాన్ మూడో తీగ మిల్లీమీటరు దాటి ఉంటుంది, కార్బన్‌ది 0.83 దగ్గర. లావు తీగ వంగడానికి మొరాయిస్తుంది. పైగా నైలాన్ తన లోపలి రాపిడితో, అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్థాయి హార్మోనిక్స్‌ని తొందరగా మింగేస్తుంది. అందుకే ఆ ముద్ద మాట.

పూర్వం జంతువుల పేగుతో చేసిన తీగలుండేవి. పేగు సాంద్రత 1.3 దగ్గర, అంటే నైలాన్ కన్నా బరువే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పేగుకు కరువొచ్చాక, స్పెయిన్ గిటారిస్టు సెగోవియా ప్రోత్సాహంతో, గిటార్లు తయారుచేసే ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తీగలు తయారుచేశాడు. మొదటి తీగకు అది వరమే. మూడో తీగకు మాత్రం లావు వచ్చిపడింది.

కార్బన్ జి తీగ వేసిన రోజు, గిటార్ మార్చావా అని ఇంట్లో అడిగారు. ఆ ఊపులో మొదటి రెండూ కూడా కార్బనే వేశాను. అది పొరపాటు. మొదటి తీగ మరీ సన్నబడి, గోటి చప్పుడు చెవిలో గుచ్చుకునేది. పైగా ఆ తీగ నున్నగా జారుడుగా ఉంటుంది. నైలాన్‌కి కట్టినట్టే బ్రిడ్జికి (గిటార్ పొట్ట మీద తీగలు కట్టే చెక్కకి) ముడి కడితే, శ్రుతికి తెచ్చేలోపే ముడి జారి టప్పుమని ఊడింది. కొస కొట్టుకుని బ్రిడ్జి వెనక చెక్క మీద గోటి గాటంత మచ్చ పడింది. ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మూడు చుట్లు తిప్పి, కొసన ఇంకో చిన్న ముడి వేసి గానీ శ్రుతి చేసే కీ తిప్పను.

కొత్తగా వేసినవాళ్లను కంగారు పెట్టేది సాగడం. బిగించిన నైలాన్ ఒకసారి సాగి ఆగిపోదు. సాగుతూనే ఉంటుంది, వేగం మాత్రం తగ్గుతూ పోతుంది. మొదటి రోజు పది నిమిషాలకోసారి శ్రుతి చూసుకోవాలి, నాలుగో రోజుకు కూర్చున్నప్పుడల్లా ఒకసారి చాలు, వారానికి దారికొస్తుంది. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) దగ్గర వేళ్లతో మెల్లగా పైకి లాగి వదిలితే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. తీగ పాడైందనుకుని తొలిరోజే తీసిపారేసేవాళ్లను చూశాను. పాపం, తీగ తప్పేం లేదు.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఆరో తీగను ఈ (E) స్వరం నుంచి డి (D) స్వరానికి దించి వాయించడం మొదలుపెడితే, కాసేపటికి అది తనంతట తానే పైకి పాకుతుంది. పైన రాగి చుట్టు ఉన్నా లోపలున్నది సన్నటి నైలాన్ పోగులే. టెన్షన్ తగ్గించాక అవి నెమ్మదిగా ముడుచుకుంటాయి. అందుకే నేను డి కన్నా కొంచెం కిందికి దించి, ఒక్క క్షణం ఆగి, పైకి తెస్తాను. వేదిక మీద ఈ అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది.

తేమ విషయంలో కార్బన్‌దే పైచేయి. నైలాన్ తేమ పీలుస్తుంది, ఫ్లోరోకార్బన్ దాదాపు పీల్చదు. అలాగని ముసురు రోజున నిశ్చింతగా కూర్చోలేం. చెక్క కూడా ఉబ్బుతుందిగా!

ఇక అరుగుదల. రోజూ గంటన్నర వాయిస్తే, మూడు నెలలకు రెండో ఫ్రెట్ దగ్గర నైలాన్ తీగ కింద గోరు పెట్టి లాగి చూడండి, గంట్లు తగులుతాయి. అప్పటికి పన్నెండో ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా తాకి పలికించే హార్మోనిక్‌కీ, అక్కడే నొక్కిన స్వరానికీ పొత్తు కుదరదు. తీగ విప్పి తలకిందులుగా కడితే ఇంకో నెల లాగొచ్చు. నేను లాగాను కూడా, బద్ధకం వల్ల. నా చేతిలో కార్బన్ తీగకు గంట్లు తక్కువే పడ్డాయి. చుట్టు తీగల్లో నాలుగోది ముందు పోతుంది. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు, ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి.

ఒకటి, రెండు నైలాన్. మూడోది కార్బన్. కేసు మూత మీది కాగితంలో చివరి ఏడు వరుసలూ ఇవే.