గుంటూరులో పేవర్ బ్లాక్స్, కర్బ్ రాళ్ళ పని చేయించుకున్నాం, లెవెల్ చూడటం అంటే ఇదీ

గోరంట్లలో మా ఇంటి ముందు పార్కింగ్‌కి 60 ఎంఎం పేవర్ బ్లాక్స్, అంచులకి కర్బ్ రాళ్ళు వేయించాం. చేసింది ఇక్కడి మేస్త్రీ గారు, ఆయన బ్యాచ్. పని చాలా బాగా చేశారు.

ముందు నీళ్ళ ట్యూబుతో మెట్ల దగ్గరా గేటు దగ్గరా మట్టం పట్టారు, 20 అడుగులకి 4 అంగుళాలు వాటం (నీళ్ళు పోయే వాలు) రోడ్డు కాలవ వైపుకి వదిలి మేకులు కొట్టి దారం లాగారు. ఇక్కడిదాకా అందరూ చేసేదే. ఈయన కర్బ్ రాళ్ళు పెట్టడం అయ్యాక దారం తీయించేసి, మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం రాయికి తగిలేంత కిందకి వంగి ఒక కన్ను మూసి పై అంచు వెంట ఆ చివరిదాకా చూస్తారు, "నాలుగో రాయి దిగింది రా, లేపు" అంటారు, నిలబడి చూస్తే నాకేమీ కనపడలేదు గానీ కొలిస్తే నిజంగానే 3, 4 ఎంఎం తేడా ఉంది! దారం పొడుగైతే మధ్యలో కిందకి వేలాడుతుంది, ఏదో ఒక రాయి తగిలి పక్కకి నెట్టినా తెలీదు, రసమట్టమేమో (బుడగ ఉండే స్పిరిట్ లెవెల్) ఒకటి రెండు రాళ్ళ వరకే పనికొస్తుంది. రాళ్ళ వెనక పోసిన కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే ఇలా చూసుకోవాలి, గట్టిపడితే ఇక పగలగొట్టడమే.

మరి అంతా కంటితోనే చూడొచ్చుగా అని అడిగా. "వాటం ఎంతుందో కన్ను చెప్పలేదండీ, పక్కన రోడ్డు వాలి ఉంటే దాన్ని చూసి మోసపోతాం, దానికి ట్యూబే. ఎత్తుపల్లాలకి మాత్రం కన్ను" అన్నారు. నాకు ఈ మాట బాగా నచ్చింది.

మాది నల్లరేగడి, వానకి ఉబ్బి ఎండకి పగిలే నేల, కింద సరిగ్గా లేకపోతే పైన ఎంత లెవెల్ చూసినా వేస్ట్. అందుకే మట్టి తీసి గ్రావెల్ పొరలు పొరలుగా వేసి తొక్కించారు, దాని మీద కూడా ఒకే ఎత్తున్న మూడు టీ ఆకారం కర్రలు పెట్టి, రెండు చివరల్లో రెండు, మధ్యలో ఒకటి జరుపుతూ, మూడింటి తలలూ ఒకే గీతలో ఉన్నాయా లేదా అని చూశారు. వైబ్రేటర్ (అదురుతూ అదిమే మెషిన్) తిప్పాక దిగుతాయని బ్లాక్స్ కాలవ అంచుకంటే కొంచెం ఎత్తులోనే పెట్టారు. తర్వాత పెద్ద వాన పడింది, ఎక్కడా గుంట కట్టలేదు.

నచ్చనిది ఒకటే, సందుల్లో ఇసుక ఒక్కసారే ఊడ్చి వెళ్ళిపోయారు, మళ్ళీ రావడానికి రెండు మూడు ఫోన్లు చేయాల్సొచ్చింది. మీరు చేయించుకుంటే రెండోసారి ఇసుక నింపడం ముందే మాట్లాడుకుని, కొంచెం డబ్బు అప్పటిదాకా ఆపండి.