పక్క సీట్లో కూర్చునే మనిషి కోసం కోయంబత్తూరు దాకా

25,960 రూపాయలు. ఫీజు 22,000, దాని మీద జీఎస్టీ 18 శాతం. చెన్నై దగ్గర ఒక రేస్ ట్రాక్ డ్రైవింగ్ క్యాంపుకు అంత డబ్బు కట్టినందుకు నాకు దక్కింది ఆరు రౌండ్లు, ఒక టీషర్టు, ఒక సర్టిఫికెట్. నాలాగా దెబ్బ తిని మళ్లీ స్టీరింగ్ పట్టాలనుకునేవాళ్లు ఇంకెవరూ ఇలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. ఆ తర్వాత కోయంబత్తూరులో దొరికిన శిక్షణ గురించి కూడా చెప్పాలి. అది దొరక్కపోతే ఈపాటికి హెల్మెట్ అమ్మేసేవాణ్ణి.

ముందు నా సంగతి చెప్తాను. 2019లో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి సొంత పోలో కారు వేసుకుని వెళ్లాను. అక్కడి మొదటి మలుపును అందరూ సీ1 అంటారు. స్ట్రెయిట్ మీద వచ్చిన వేగం పెద్దగా తగ్గించకుండానే కుడివైపు తిరగాల్సిన మలుపు అది. మధ్యలో ఉండగా భయమేసి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. బండి బరువంతా ముందుకు పడింది, వెనక టైర్లు తేలికై పక్కకు జారాయి. తిరుగుతూ వెళ్లి టైర్ల గోడకు కొట్టుకున్నాను. కాలర్ బోన్ విరిగింది. తప్పు పూర్తిగా నాదే. ఎముక మూడు నెలల్లో అతుక్కుంది కానీ భయం పోలేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద చిన్న వంపు వచ్చినా కాలు దానంతట అదే లేచిపోయేది, అరచేతులు తడిసిపోయేవి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూశాను. ఆ రోజు ఫ్రెంచ్ డ్రైవర్ వెర్న్ గెలిచాడు. గెలుపు కంటే నాకు బాగా గుర్తున్నది వాళ్లు బ్రేకు వేసే చోటు. ప్రతి రౌండులోనూ అదే చోట, తడబాటు లేకుండా. ఇంటికొచ్చి ఆ రాత్రి నిద్రపోలేదు. మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. ముందు ఎవరి దగ్గరైనా పద్ధతిగా నేర్చుకోవాలి, వెళ్లినప్పుడల్లా వాళ్ల తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లాలి.

మొదట మా కూకట్‌పల్లిలోనే ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. 15 రోజులకు 5,500. నేర్పే అబ్బాయి మంచివాడే. కానీ మూడో రోజుకే "మీకు బండి వచ్చు కదా సార్, ఇంకేం నేర్పను?" అన్నాడు. అతని తప్పేమీ లేదు. లైసెన్సు కోసం నేర్పడం వేరు, భయపడ్డ కాలికి నేర్పడం వేరు. ఊరి బయట అద్దె గో కార్ట్‌లు కూడా నడిపి చూశాను, పది నిమిషాలకు 700. సరదాగానే ఉంది కానీ పోలో ఎక్కగానే పాత భయం పాతదే.

ఇక చెన్నై క్యాంపు. పేరు చెప్పను. ఫోన్లో మాత్రం "వన్ టు వన్ సార్, ఇన్‌స్ట్రక్టర్ మీ పక్కనే కూర్చుంటాడు" అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. తీరా వెళ్తే పద్నాలుగు మందిమి, ఇన్‌స్ట్రక్టర్ ఒక్కడు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా షామియానా కింద స్లైడ్లు చూపించారు. మధ్యాహ్నం ఆయన ముందు కారులో వెళ్తుంటే మేం వెనకాల బాతుపిల్లల్లా వరసగా వెళ్లాం. ఆరు రౌండ్లు, అంతే. నా కాలు ఆరుసార్లూ లేచింది, చూసే నాథుడు లేడు. సాయంత్రం వెళ్లి అడిగితే, "భయం ఉన్నవాళ్లు ఇలాంటి వాటికి రాకూడదు సార్" అని అందరి ముందూ అన్నాడు. భయం పోగొట్టుకోవడానికే వచ్చానని చెప్పాను. ఆయన అప్పటికే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. డబ్బు పోయినా మర్చిపోగలను గానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బస గురించి చెప్పకపోతే ఆ రెండు రోజుల కథ పూర్తి కాదు. శ్రీపెరుంబుదూరులో రోడ్డు పక్క లాడ్జి, రాత్రికి 1,800. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు ఉన్నాయి. గదిలోకి వెళ్తే దిండు గలీబుకు ఇంకెవరి తలనూనెదో మరక. ఏసీ ఉంది, రిమోటు లేదు. అడిగితే రిమోటు కౌంటర్లో ఉంటుందట, తీసుకోవాలంటే రాత్రికి 300 అదనమట. బాత్రూంలో బకెట్ అడుగున చీలిక. మగ్గుతో నీళ్లు పోసుకునేలోపే సగం కారిపోతున్నాయి. గీజరు స్విచ్చి వేస్తే ఫ్యాను ఆగిపోయింది. కిటికీ కిందే జనరేటరు. పదకొండు గంటలకు మేనేజరు తలుపు కొట్టి, ఆధార్ ఒరిజినల్ తన దగ్గర పెట్టుకుంటానన్నాడు. జిరాక్సు ఇస్తానంటే గొంతు పెంచాడు. మా బావమరిది మామూలుగా మెతక మనిషి, ఆ రాత్రి మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడి "ఇవ్వం, ఏం చేస్తారో చేసుకోండి" అన్నాడు. తర్వాత తెల్లవారే వరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ట్రాక్ వైపు వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే, రెండు వేలు ఎక్కువైనా చెన్నై ఊళ్లోనే ఉండండి, పొద్దున్నే బయల్దేరండి.

ఒక్కటి మాత్రం బాగుంది. శ్రీపెరుంబుదూరు రామానుజాచార్యులు పుట్టిన ఊరు. క్యాంపు జరుగుతున్నంతసేపూ మావాడు ఆదికేశవ పెరుమాళ్ గుడిలో కూర్చున్నాడు. సాయంత్రం నేను దిగాలుగా వెళ్తే ఆకుదొన్నెలో దాచి ఉంచిన చక్కెర పొంగలి చేతిలో పెట్టి, "తిను బావా, డబ్బు సంగతి అక్కకు నేను చెప్తాలే" అన్నాడు.

కోయంబత్తూరు పేరు చెప్పింది కూడా ఆ క్యాంపులో నాతోపాటు మోసపోయిన ఒక చెన్నై కుర్రాడే. అక్కడ పాత ర్యాలీ డ్రైవరు ఒకాయన ఉన్నాడనీ, ఒకసారి ఒకరికే నేర్పుతాడనీ చెప్పాడు. ఫోన్ చేస్తే ఆయన ఫీజు సంగతి ఎత్తనేలేదు. "ఎక్కడ పడ్డావు? పడేటప్పుడు ఎటు చూస్తున్నావు?" అని అడిగాడు. ఎటు చూస్తున్నానో నాకు గుర్తులేదు. "గుర్తు చేసుకుని రా" అని పెట్టేశాడు.

బెంగళూరు, సేలం మీదుగా సొంత కారులోనే వెళ్లాం. దారి బాగుంది, చెప్పుకోవడానికేమీ లేదు. గాంధీపురంలో గది 2,100, దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు వచ్చాయి.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. తరాల కిందట కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ల కుటుంబం. ఆ తెలుగు యాసలో తమిళం కలిసి వినడానికి ఎంత బాగుంటుందో. "ఏమప్పా, అంత ముందుకు వంగి కూర్చుంటే చేతులు తిరుగుతాయా?" అంటూ మొదట సీటు సరిచేశాడు. వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగాన ఆనాలి. ఇన్నేళ్లుగా నేను ఎంత తప్పుగా కూర్చున్నానో అప్పుడు తెలిసింది.

మొదటి రోజంతా ఒక పాత గోడౌన్ వెనక సిమెంటు స్థలంలోనే. ట్రాక్ ఊసే లేదు. 60 వేగంతో వచ్చి కోన్ దగ్గర బ్రేకు గట్టిగా తొక్కమన్నాడు. తొక్కాను అనుకున్నాను. "సగమే తొక్కావు" అన్నాడు. నాలుగోసారికి పాదం కింద పెడల్ గడగడలాడింది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయడం మొదలైంది. నేను కంగారుపడి వదిలేశాను. "వదలొద్దప్పా, అది పని చేస్తోంది, చేయనీ." ఇరవై రెండుసార్లు చేయించాడు. బండి ఎక్కడ ఆగుతుందో కాలికి తెలిసేసరికి భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి.

మధ్యాహ్నం అసలు పాఠం. కోన్‌ల చుట్టూ గుండ్రంగా 40లో తిప్పుతూ, "ఇప్పుడు కాలు తీసెయ్" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. తీశాను. వెనక భాగం కాస్త వదులైంది, అంతే. "ఇంకోసారి." మళ్లీ అదే. పదిసార్లయ్యాక ఆ వదులు ఎప్పుడు మొదలవుతుందో నడుముకే తెలిసిపోయింది. అప్పుడు కాలు పూర్తిగా తీయకుండా వెంట్రుకవాసి తగ్గించడం నేర్పాడు. సీ1లో నేను చేసిన తప్పునే చిన్న వేగంలో, నా చేతే, కావాలని చేయించాడు. 22,000 తీసుకున్న ఆ క్యాంపులో ఎవరికీ తట్టని పని ఇది.

ఇంకో సంగతి. నడుపుతున్నంతసేపూ కంటికి ఏం కనపడుతోందో పైకి చెప్పమనేవాడు. "నీలం డ్రమ్ము... కోన్... గోడ చివర..." ఇలా మాట్లాడుతూ ఉంటే ఊపిరి బిగపట్టడం కుదరదు. పైగా చూపు దగ్గర పడగానే నా మాటల్లోనే దొరికిపోయేది. "గోడ, గోడ అంటున్నావే, గోడకే పోతావు. దాటి చూడు." ఆయన ఫోన్లో అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నేను చూసింది టైర్ల గోడనే.

రెండో రోజు చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే. దేశంలో ఫార్ములా కార్లు తయారుచేసి ఎందరో కుర్రాళ్లకు దారి చూపిన కరివర్ధన్ పేరు మీద కట్టిన 2.1 కిలోమీటర్ల ట్రాక్ అది. నలుగురం కలిసి తీసుకున్న సెషన్‌లో నా వాటా 8,500. ఆయన పక్క సీట్లోనే కూర్చున్నాడు. మొదటి మూడు రౌండ్లు తన చెయ్యి అద్దం ముందు చాపి, చూడాల్సిన చోటు చూపించాడు. నాలుగో రౌండులో చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎనిమిదో రౌండు తర్వాత పిట్‌లో దిగిపోయి, "ఇక నువ్వు పో" అన్నాడు. ఒంటరిగా ఐదు రౌండ్లు వేశాను. ఒక్క మలుపులో తప్ప కాలు లేవలేదు. ఆ ఒక్కటి ఆయన గోడ దగ్గర నిలబడి ఇంజిను శబ్దంలోనే పట్టేశాడు.

ఆ మధ్యాహ్నం ట్రాక్ నుంచి వస్తూ దారిలో చిన్న మెస్‌లో తిన్నాం. ఉలవలు మెత్తగా ఉడికించి రుబ్బిన ముద్ద వేడన్నంలో వేసి, మీద నువ్వులనూనె పోశారు. పక్కన అదే ఉలవల రసం. మన ఉలవచారంత చిక్కగా లేదు, కానీ మిరియాల ఘాటు ముక్కుకెక్కింది. మావాడికి ఎండుమిర్చి, కొబ్బరి ముక్కలతో వేయించిన పళ్లిపాళయం చికెన్. ఇద్దరికీ కలిపి 340. చెన్నై వెళ్లొచ్చాక మావాడు మనస్ఫూర్తిగా నవ్వడం అప్పుడే చూశాను.

లెక్క కూడా చెప్పేస్తాను. ఆయన ఫీజు రెండు రోజులకు 24,000, గోడౌన్ స్థలానికి 3,000, ట్రాక్ వాటా 8,500, మూడు రాత్రుల గది 6,300. బయల్దేరే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించడానికి 1,450. దీన్ని మాత్రం ఎవరూ దాటవేయొద్దు, పాత ఆయిల్ వేడికి మరిగితే పెడల్ నేల దాకా పోతుంది. పెట్రోలు, టోల్ వేరే. మొత్తం చెన్నై క్యాంపు కంటే ఎక్కువే అయింది, కానీ ఒక్క రూపాయికీ బాధ లేదు. ఎక్కడికి వెళ్లినా డబ్బు కట్టే ముందు అడగాల్సింది ఇదే: నా కారులో, నా పక్కన, ఎన్ని గంటలు కూర్చుంటారు? జవాబు వాట్సాప్‌లో రాసి ఇవ్వమనండి.

రేసుల్లో పోటీ చేయడానికి కావాల్సిన ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ క్రీడల సమాఖ్య) లైసెన్సుకు ఇంకా అప్లై చేయలేదు. తడి నేల మీద ఇంకో పూట నేర్చుకున్నాకే పోటీకి వెళ్లమని ఆయన అన్నాడు. దానికి 9,000, అడ్వాన్సు 2,000 ఇచ్చి వచ్చాను. సేలం దాటాక మా ఆవిడ ఫోన్ చేసి నన్ను కాదు, తమ్ముణ్ణే అడిగింది, ఎలా జరిగిందని. వాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు రోడ్డు వైపు చూశాడు. "బావ వంపుల్లో మాట్లాడుతున్నాడక్కా" అన్నాడు.