పనామా కాలువలో పక్షులు: ఓడ పైనుంచి కొంత, ఒడ్డున మరింత

ఫ్లోరిడాలో బయలుదేరి, కరీబియన్ సముద్రం, పనామా కాలువ, పసిఫిక్ తీరం మీదుగా కాలిఫోర్నియా చేరే క్రూజ్‌ను పక్షుల కోసం ఎంచుకునేవారు గదికంటే ముందు డెక్ గురించి ఆరా తీయాలి. బాల్కనీ గదికి పోసే అదనపు సొమ్ము ఈ పనికి గిట్టుబాటు కాదు. అక్కడినుంచి ఒక పక్కే కనిపిస్తుంది. పైగా అంతస్తు పెరిగినకొద్దీ నీటికి ఆనుకొని ఎగిరే పక్షి చుక్కంతే అవుతుంది. మేము ఎక్కిన మధ్యరకం ఓడలో కింది అంతస్తున చుట్టూ తిరగగలిగే ప్రొమెనేడ్ డెక్ ఉండడంతో, కిటికీ లేని చవక గదితో సరిపెట్టుకొని పగలంతా అక్కడే ఉన్నాము. ఇంజను అదురుకు 10 రెట్ల బైనాక్యులర్స్‌లో బొమ్మ నిలవదు; 8 రెట్లవే మేలు. శాకాహారం గురించి మొదటిరోజే చెప్పి ఉంచితే వంటవాళ్లు ఏ లోటూ చేయరు.

కరీబియన్‌లో ఎక్కువగా తోడు వచ్చినవి గోధుమరంగు బూబీలనే సముద్రపక్షులు. ఓడ ముందుభాగం నీటిని చీల్చుకుపోతుంటే బెదిరిన ఎగిరే చేపలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అంతసేపూ రైలింగు పక్కన రెక్క ఆడించకుండా గాలిమీద తేలుతున్న బూబీ చటుక్కున ఒరిగి, చేప మళ్లీ నీటిని తాకేలోపే దాన్ని అందుకుంటుంది, లేదా దాని వెంటే నీళ్లలోకి దూకుతుంది. తీరం దగ్గరపడ్డాక ఫ్రిగేట్ పక్షులు ఆ బూబీలను తరిమి, మింగిన చేపను కక్కించి కాజేస్తాయి. ఫ్రిగేట్ పక్షుల ఈకలు నీటికి తడిసిపోతాయి కాబట్టి అవి సముద్రంమీద వాలలేవు. దొంగతనంలో అంత నేర్పు ఎందుకు అబ్బిందో చూస్తేనే అర్థమవుతుంది.

కాలువ దాటే రోజుకు ఓడ ఎంపిక మరింత ముఖ్యం. 1914లో తెరిచిన పాత లాకుల (నీటిమట్టం మార్చి ఓడను పైకెత్తే, దించే గదుల) వెడల్పు సుమారు 33.5 మీటర్లే కాబట్టి అతిపెద్ద ఓడలు 2016లో ప్రారంభమైన కొత్త లాకులగుండా వెళ్తాయి. పక్షుల కోసమైతే పాత దారిన పోయే ఓడే మంచిది, ఎందుకంటే గోడలు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి, మనమూ నీటికి దగ్గరగా ఉంటాము. ధవళేశ్వరం లాకులు చూసినవారికి పద్ధతి కొత్తకాదు. ఇక్కడ గాటూన్ దగ్గర మూడు మెట్లలో ఓడ 26 మీటర్లు పైకి లేస్తుంది. దిగువ గేట్లవద్ద మంచినీరు ఉప్పునీటిలో కలిసేచోట పెలికాన్లు కాచుకొని ఉన్నాయి. నేలపట్టులో మనం చూసే గూడబాతు ఈదుతూ చేపల్ని తోడుకుంటుంది కానీ, ఈ గోధుమరంగు పెలికాన్ ఎత్తునుంచి మెడ ముందుకు చాచి నిటారుగా దూకుతుంది.

కాలువ తూర్పుపడమరలుగా ఉంటుందనుకుంటాం గానీ, అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు వెళ్లే ఓడ నిజానికి ఆగ్నేయంగా సాగుతుంది. అందువల్ల జనవరిలో ఉదయం కుడివైపు, మధ్యాహ్నం దాటాక ఎడమవైపు నిలబడితే ఎండ కళ్లలో కొట్టదు. గాటూన్ సరస్సులో నత్తలు తినే స్నెయిల్ కైట్, శీతాకాలానికి ఉత్తర అమెరికానుంచి దిగివచ్చే, చేపలు పట్టే గద్ద ఆస్ప్రే, నీటికాకులు బాగానే కనిపించాయి. అయితే ఈ సరస్సు కోసం ఆనకట్ట కట్టినప్పుడు మునగకుండా మిగిలిన కొండకొనే నేటి బారో కొలరాడో దీవి; అమెరికాకు చెందిన స్మిత్సోనియన్ సంస్థ పరిశోధకులు తరతరాలుగా పనిచేస్తున్న ఆ అడవి ఓడనుంచి పచ్చని గోడగానే మిగిలిపోయింది. మైకులో సాగిన వ్యాఖ్యానమంతా ఇంజనీరింగు గురించే. పక్షుల ఊసు లేదు.

కాబట్టి కాలువ ప్రయాణంతోనే పనామా పక్షుల్ని చూశామనుకోవడం సరికాదు. ఓడ టికెట్టులో మిగుల్చుకున్న డబ్బుతో మరోసారి విమానంలో పనామా నగరానికి వెళ్లి, సొబెరానియా జాతీయవనం అంచున ఉన్న గంబోవాలో బస చేయడమే మా సలహా. అక్కడి పైప్‌లైన్ రోడ్డులో తెల్లవారకముందే స్థానిక గైడుతో నడక మొదలుపెట్టాలి. దండుచీమల బారు కనబడితే కదలకుండా నిలబడాలి, వాటికి బెదిరి లేచే పురుగుల కోసం యాంట్‌బర్డ్‌లు వాటంతటవే చేరుకుంటాయి. ఖర్చుకు వెనకాడనివారికి, పాత అమెరికన్ రాడార్ కేంద్రాన్ని వసతిగా మార్చిన కానోపీ టవర్ ఉంది. దాని పైకప్పు చెట్ల కొమ్మల ఎత్తులో ఉండడంతో పెద్ద ముక్కున్న టూకాన్‌ పక్షులను మెడ ఎత్తకుండానే చూడవచ్చు. మెట్లు ఎక్కలేని పెద్దవారు వెంట ఉంటే మాత్రం గంబోవాలోని నేలమీది గదులే అనుకూలం.